చెంచాడు నీళ్ళు

వెంకటసుబ్బులు నోటికి రేపల్లె చేపల బజారంతా జడుస్తుంది. గంటసేపు బేరమాడి కొనకుండా వెళ్ళిపోయేవాళ్ళని ఆవిడ ఊరికే పోనివ్వదు, వీధి చివరిదాకా మాటలతోనే సాగనంపుతుంది. అలాంటి మనిషి ఆ ఉదయం తన ఇంటి వరండాలో, తన మొగుడి మంచం పక్కన, కన్నకూతురు చెప్పే పాఠం వింటూ నిలబడాల్సి వచ్చింది. అదీ చేతులు రెండూ సబ్బుతో కడుక్కుని.

“గోళ్ళ సందుల్లో కూడా రుద్దావా అమ్మా?” అంది వెన్నెల.

“రుద్దానే తల్లీ. చేపని కూడా ఇంత తోమి ఉండను ఎప్పుడూ. ఇంకా కావాలంటే చేతులు ఊడదీసి ఇస్తాను, నువ్వే కడుక్కో!”

మంచం మీద ముత్యాలరావు మూతి ఓ పక్కకి సాగింది. నవ్వేనని ఇంట్లో అందరికీ తెలుసు. ఇప్పుడు ఆయన నవ్వు అంతే, ఎడమ పక్కనే వస్తుంది.

ముత్యాలరావు బోటు సరంగు. బోటు నడిపేది ఆయనే, వల ఎక్కడ వెయ్యాలో చెప్పేది ఆయనే, బోటులో ఉన్నన్నాళ్ళూ అందరికీ పెద్దదిక్కూ ఆయనే. ఎండాకాలం వేట నిషేధమని బోట్లన్నీ ఒడ్డుకి చేరిన కొద్దిరోజులకే, ఈ వరండాలోనే కూర్చుని వల బాగుచేసుకుంటుంటే చేతిలోంచి దారం జారిపోయింది. మళ్ళీ అందుకోబోతే చెయ్యి లేవలేదు. వెన్నెల తెనాల్లో ఒక ఆసుపత్రిలో నర్సు. తమ్ముడు బాబి ఫోన్ చేసి “నాన్న మూతి వంకర పోయిందక్కా” అనగానే, “ఎవరేం చెప్పినా వినొద్దు, ముందు కారెక్కించండి!” అని అరిచింది. దాంతో ప్రాణం దక్కింది. కుడి చెయ్యీ, కుడి కాలూ మాత్రం పడిపోయాయి. మాట సగం పోయింది. మింగడం కూడా కష్టమైంది. ఇంటికి తీసుకొచ్చాక వెన్నెల సెలవు పెట్టి నాన్న దగ్గరే ఉండిపోయింది. ఆ సెలవు కాస్తా రేపటితో అయిపోతోంది. రేపటినుంచి ఆయన్ని చూసుకోవాల్సింది వెంకటసుబ్బులే, అందుకే ఈ పాఠం.

“ముందు లేపి కూర్చోబెట్టాలి. పడుకుని ఉండగా నోట్లో ఏదీ పెట్టకూడదు. వీపు వెనకాల రెండు దిళ్ళు, కుడి చెయ్యి కింద ఇంకోటి. ఇప్పుడు గడ్డం ఛాతీ వైపు వంచమని చెప్పు. చెంచా ఎడమ పక్కనుంచి పెట్టు, అటే స్పర్శ ఉంది. సగం చెంచాడే. గొంతుముడి పైకి లేచి కిందికి దిగిందాకా చూడు. అప్పుడే రెండోది.”

“ఇట్టా ఒక్కో చెంచా పోస్తా కూర్చుంటే పొద్దు గూకుద్ది.”

“గూకనీ. నాన్నకంటే పెద్ద పనేముంది నీకు?”

వెంకటసుబ్బులు గిన్నెలో ఉన్నది కొంచెం వేలితో నాకి చూసి మొహం చిట్లించింది. మందుల షాపులో దొరికే పొడి కలిపి వెన్నెల చిక్కబరిచిన నీళ్ళు అవి.

“థూ! ఇవి నీళ్ళంటే? గోడలకి కాయితాలంటించే మైదా గమ్ము! మండుటెండల్లో మనిషి నోట్లో ఈ జిగురు పొయ్యమంటావా?”

“నీకెన్నిసార్లు చెప్పానమ్మా. గొంతులో రెండు దార్లుంటాయి. ఒకటి పొట్టలోకి, ఇంకోటి ఊపిరితిత్తుల్లోకి. మనం మింగేటప్పుడు గాలి దారికి మూతపడుతుంది. నాన్నకి ఆ మూత ఆలస్యంగా పడుతోంది. పల్చటి నీళ్ళు పరిగెత్తుకుంటూ వెళ్ళి ఈలోపే గాలి దార్లో దూరిపోతాయి. చిక్కగా ఉంటే నిదానంగా వెళ్తాయి. గొంతు మళ్ళీ దార్లోకి వచ్చాక డాక్టరుగారే మామూలు నీళ్ళిమ్మంటారు. అప్పటిదాకా ఒక్క గుక్క కూడా వద్దు.”

“కాపడం పెట్టకూడదు, నీళ్ళు పొయ్యకూడదు. మొగుడికి పెళ్ళాం ఏం చెయ్యచ్చో అది కూడా చెప్పేయి మరి!”

కాపడం గొడవ అంతకుముందు రోజుది. పక్కింటి పున్నమ్మ మాట విని వెంకటసుబ్బులు సముద్రపు ఇసుక తెప్పించింది. దాన్ని మూకుట్లో వేయించి, మూటకట్టి, మొగుడి కుడి కాలి మీద పెట్టబోయింది. వెన్నెల ఆ మూట లాక్కుని పెరట్లోకి విసిరేసింది. “ఆ కాలికి వేడి తెలీదమ్మా! కాలినా ‘అబ్బా’ అనడు, బొబ్బలెక్కాక గానీ మనకి తెలీదు” అని కేకలేసింది. పున్నమ్మ ముందు కూతురలా కసిరేసరికి వెంకటసుబ్బులుకి తల కొట్టేసినట్టయింది. ఆ మంట ఇంకా చల్లారలేదు.

ఆ సంగతి కూతురికీ తెలుసు. అందుకే గొంతు తగ్గించింది. “ఇలా రా అమ్మా, ఇది నువ్వే చెయ్యాలి. నీకంటే బాగా ఎవరికీ రాదు” అంటూ తండ్రిని మెల్లగా ఎడమ పక్కకి తిప్పి, తుంటి ఎముక దగ్గర చర్మం చూపించింది. అక్కడ కాస్త ఎర్రగా ఉంది.

“అయ్యో, ఒత్తుకుపోయింది పాపం.”

“వేలితో నొక్కి వదులు. నువ్వు చేపని నొక్కి చూస్తావు చూడు, అలాగ.”

వెంకటసుబ్బులు బొటనవేలు అప్రయత్నంగా ముందుకు వెళ్ళింది. చేపని నొక్కితే పడ్డ గుంట చటుక్కున పైకి లేస్తే తాజా సరుకు, గుంట అలాగే ఉండిపోతే నిలవది. ఆ వేలు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా మోసపోలేదు. ఇప్పుడది మొగుడి తుంటి మీద ఆనింది. నొక్కిన చోట తెల్లబడి, వదిలాక మళ్ళీ ఎర్రబడింది.

“తెల్లబడిందే!”

“హమ్మయ్య. తెల్లబడితే భయం లేదు. నొక్కినా తెల్లబడకుండా ఎరుపు ఎరుపులాగే ఉందనుకో, పుండు మొదలవుతోందని లెక్క. ఆ పక్క మీద అసలు పడుకోబెట్టకూడదు, వెంటనే నాకు ఫోన్ చెయ్యాలి. ఎటు పడుకున్నా సరే, రెండు గంటలకోసారి పక్క మార్చాలి.”

“నువ్వింకా తాజా సరుకే మావా” అంది వెంకటసుబ్బులు మొగుడి చెవి దగ్గర వంగి. ముత్యాలరావు ఎడమ మూతి మళ్ళీ సాగింది. గడప మీద కూర్చున్న బాబి పకపకా నవ్వాడు. చాలా రోజుల తర్వాత ఆ వరండాలో అందరూ కలిసి నవ్వింది అప్పుడే.

“నాన్నకి దాహం ఓర్చుకోవడం ఒక లెక్కా?” అన్నాడు బాబి. “నా మొదటి వేటప్పుడు నడి సముద్రంలో ఇంజన్ ఆగిపోయింది చూడు, అప్పుడు మంచినీళ్ళ డబ్బాని కాళ్ళ మధ్య పెట్టుకు కూర్చున్నాడు. అందరికీ పూటకో మూతెడు తన చేత్తోనే పోశాడు. ‘ఇంకో మూత నాన్నా’ అని నేను ఏడ్చి మొత్తుకున్నా పొయ్యలేదు. తను మాత్రం అందరూ తాగాకే తాగేవాడు. మిగలకపోతే అదీ లేదు. అడిగితే ‘సరంగు ఆఖర్న తాగాల్రా’ అనేవాడు.”

ఆ కథ వెంకటసుబ్బులుకి కంఠతా వచ్చు. పెళ్ళయిన కొత్తల్లో ఇంట్లో కూడా అంతే, పెళ్ళాం తాగందే గ్లాసు ముట్టేవాడు కాదు. ‘ఇదేం చాదస్తం’ అని ఆవిడ నవ్వేది. ఇప్పుడు గుర్తొస్తే నవ్వు రాలేదు, కళ్ళు చెమర్చాయి.

మర్నాడు ప్యాసింజర్‌కి బయల్దేరుతూ వెన్నెల తల్లిని గుమ్మంలో ఆపేసింది. “అన్నీ నువ్వు చేస్తావు, నాకు తెలుసు. నీళ్ళ దగ్గరే నా భయమంతా. ఇవ్వనని చెప్పు.”

“ఇవ్వనే. నీ మీదొట్టు” అంటూ వెంకటసుబ్బులు కూతురి నెత్తిన చెయ్యి పెట్టింది.

వెన్నెల వెళ్ళాక ఆవిడ నిజంగానే అన్నీ చేసింది. బజారు మానుకుని, పెనుమూడి నుంచి ఏటి చేపలు తెచ్చి అమ్మే పని బాబికి అప్పగించింది. వేళకి పక్క మార్చింది. పొద్దునా సాయంత్రం మొగుడి నోరు శుభ్రంగా తుడిచింది, కుడి బుగ్గలో మెతుకు ఇరుక్కుందేమోనని వేలితో చూసింది. ఒళ్ళు తుడిచాక ఎర్రబడ్డ చోటల్లా నొక్కి చూసింది. తను తినడం మాత్రం గుర్తుండేది కాదు. కూతురు వీడియో కాల్ చేసినప్పుడల్లా ఫోను గర్వంగా మంచం చుట్టూ తిప్పి చూపించేది. “చూడు, నీ ఆసుపత్రిలో కూడా ఇంత శుభ్రం ఉండదు!”

అంతలో రోహిణి కార్తె వచ్చింది. రోళ్ళు పగిలే ఎండలంటారే, అవే. మిట్టమధ్యాహ్నం పున్నమ్మ పలకరించడానికొచ్చింది. మంచం పక్కన పీట వేసుకుని కూర్చుని ముత్యాలరావు మొహంలోకి తొంగి చూసింది.

“అన్నయ్య పెదాలు ఎట్టా ఎండిపోయాయో చూశావా వదినా? నాలిక పిడచగట్టుకుపోయి ఉంటది.”

“పొద్దుటినుంచీ ఆ జిగురు నీళ్ళు పడతానే ఉన్నాను పున్నమ్మా.”

“జిగురుతో దాహం తీరుద్దా? గుమ్మంలోకొచ్చిన బిచ్చగాడికైనా కుండలో నీళ్ళిస్తాం. కట్టుకున్న వాడికి గుక్కెడు నీళ్ళు పొయ్యకపోతే ఆ పాపం ఏ గంగలో కడుక్కుంటావు? నాకేంలే తల్లీ, చదువుకున్న పిల్ల చెప్పింది, నువ్వు విన్నావు.” పున్నమ్మ అలా అనేసి ఇంటికెళ్ళిపోయింది.

వెంకటసుబ్బులు మొగుణ్ణి చూస్తూ కూర్చుంది. ఆయన పెదాలు నిజంగానే పొట్టు లేచి ఉన్నాయి. ఫాను కింద కూడా చెమటలు కారుతున్నాయి. సముద్రాన్ని ఏలిన మనిషి, తన ఇంట్లో తన పెళ్ళాం చేతిమీద గుక్కెడు నీళ్ళకి నోచుకోలేదే అనిపించింది ఆవిడకి. అంతే, ఒట్టు తీసి గట్టున పెట్టింది. లేచి వెళ్ళి కుండలో నీళ్ళు స్టీలు గ్లాసు నిండా ముంచుకొచ్చింది.

“మావా, తాగు.”

ముత్యాలరావు గ్లాసు వంక చూసి తల అడ్డంగా ఊపాడు.

“దానికి తెలీదులే. నేనెవరికీ చెప్పను. తాగు మావా.”

మళ్ళీ తల అడ్డంగా ఊపాడు. వెంకటసుబ్బులుకి దుఃఖం పొంగుకొచ్చింది. మంచం పట్టె మీద కూలబడి, గ్లాసు పట్టుకునే భోరుమని ఏడ్చింది. “నా చేతి నీళ్ళు కూడా వద్దా నీకు? ఇంక నేనెందుకు, ఈ బతుకెందుకు?” అంది. ముత్యాలరావు కాసేపు ఆవిడ వంకే చూశాడు. తర్వాత నోరు తెరిచాడు.

పడుకున్న వాణ్ణి పడుకున్నట్టే ఉంచి, ఆవిడ అరచేత్తో తల కాస్త ఎత్తి గ్లాసు పట్టింది. రెండు గుక్కలు వెళ్ళాయి. ఆయనకి కొంచెం పొలమారింది, కళ్ళు ఎర్రబడ్డాయి. వెంకటసుబ్బులు మాడు మీద తట్టింది. కాసేపటికి సర్దుకుంది. “చూశావా, ఏమైంది? ఏమీ కాలేదు. లేనిపోని భయాలు పెట్టి చంపింది నీ కూతురు” అంది, కళ్ళు తుడుచుకుంటూ. ఆ మర్నాడూ ఇచ్చింది. ఆ పై రోజూ ఇచ్చింది. ఫోన్లో కూతురు అడిగితే “చెంచాతోనేనే” అని చెప్పింది.

వెన్నెల ఆదివారం వీక్లీ ఆఫ్ దొరికి వచ్చింది. వస్తూనే “నాన్నా!” అని మంచం దగ్గరికి పరిగెత్తింది. ముత్యాలరావు “వెన్…నెలా” అన్నాడు. ఆ పిల్ల మొహంలో నవ్వు అక్కడే ఆగిపోయింది. తండ్రి గొంతులో నీళ్ళు తిరుగుతున్నట్టు గరగర వినిపిస్తోంది. నుదుటి మీద చెయ్యి వేసింది, వెచ్చగా ఉంది. ఛాతీ గబగబా ఎగిరిపడుతోంది. సంచిలోంచి ఒంట్లో ఆక్సిజన్ కొలిచే చిన్న మిషన్ తీసి ఆయన వేలికి పెట్టింది. అందులో అంకె చూసి పెదవి కొరుక్కుంది.

“ఎప్పటినుంచమ్మా ఈ గరగర?”

“నిన్నటినుంచి… కఫం అనుకున్నానే. ఎండకి ఒళ్ళు కాస్త వెచ్చబడిందని…”

“బాబీ, కారు పిలువు. తెనాలి వెళ్ళాలి. ఇప్పుడే.”

వెన్నెల దారి పొడుగునా తండ్రిని తన భుజానికి ఆనించుకుని, నిటారుగా కూర్చోబెట్టి, వీపు నిమురుతూనే ఉంది. ముందు సీట్లో వెంకటసుబ్బులు వెనక్కి తిరిగి చూడలేకపోయింది. తెనాలి చేరిందాకా దేవుళ్ళందరికీ మొక్కుతూనే ఉంది.

డాక్టర్ వినోద్ కుమార్ పరీక్ష చేసి, ఎక్స్‌రే చూసి, బయటికొచ్చారు. “నీళ్ళు గానీ, తిండి గానీ ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిందమ్మా. నిమ్ము చేరింది. ఆక్సిజన్ పెట్టాం, ఇంజెక్షన్లు మొదలుపెట్టాం. రేపటిదాకా ఏమీ చెప్పలేను” అని వెళ్ళిపోయారు.

వెన్నెల తల్లి వైపు తిరిగింది. “నీళ్ళిచ్చావా?”

“నేనెందుకిస్తానే?”

“అమ్మా. ఇచ్చావా?”

వెంకటసుబ్బులు చీరకొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. “గుక్కెడు. గుక్కెడంటే గుక్కెడే. ఎండకి నోరెండిపోయి…”

“నా మీద ఒట్టేశావు కదమ్మా! నా నెత్తిన చెయ్యి పెట్టావు కదా!” వెన్నెల గొంతు వరండా అంతా వినబడింది. బెంచీల మీద కూర్చున్నవాళ్ళు ఇటు తిరిగారు. “ఇంక చాలు. నాన్న నీ దగ్గరికి రాడు. ఇక్కడే నా దగ్గరే ఉంటాడు. నాతోపాటు ఉండే నర్సు లిడియా, నేనూ మేముండే ఇంట్లోనే కింది వాటా అద్దెకి తీసుకుని, షిఫ్టులు మార్చుకుని చూసుకుంటాం. నీ చేతికి మాత్రం ఇవ్వను.”

“ఏంటే?” వెంకటసుబ్బులు లేచింది. బజారు గొంతు బయటికొచ్చింది. “ఇవ్వడానికి నువ్వెవరివే? నా మొగుడే ఆయన! నిన్ను కనకముందు నుంచీ నా మొగుడు! నువ్వు నాలుగు ముక్కలు చదివి తెల్లకోటు వేసుకోగానే నా మనిషిని నాకు కాకుండా చేస్తావా? ఆయన లేకపోతే ఆ ఇంట్లో నేనెవరి మొహం చూసి బతకాలి?”

“చచ్చిపోతే ఎవరి మొహం చూస్తావు?”

అన్నాక వెన్నెలే నోరు మూసుకుంది. వెంకటసుబ్బులు నిలబడ్డ చోటే కూలబడింది. బేరంలో, తగాదాలో ఎప్పుడూ ఓడిపోని ఆ నోటితోనే “నేను చంపాలనుకుంటానా తల్లీ?” అంది, చిన్నపిల్ల అడిగినట్టు.

వెన్నెల కూడా నేల మీదే తల్లి పక్కన చతికిలబడింది. “కాదమ్మా. నాకు తెలుసు. నాకు భయమమ్మా. వార్డులో ఏ పేషెంటు దగ్గినా నాన్నే గుర్తొస్తున్నాడు. ఇంత ప్రేమగా చూసుకునే ఇళ్ళనుంచే ఇలా వస్తారు తెలుసా? ప్రేమ లేనివాళ్ళు అసలు నీళ్ళే ఇవ్వరు, ఓ మూల వదిలేస్తారు. ఇష్టం ఉన్నవాళ్ళే పక్కన కూర్చుని, గ్లాసు పట్టి, ఏడుస్తూ తాగిస్తారు.” ఆ పిల్ల కూడా ఏడ్చేసింది. తల్లీ కూతుళ్ళిద్దరూ ఆ గోడకి ఆనుకుని ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని చాలాసేపు కూర్చున్నారు.

మర్నాడు జ్వరం తగ్గుముఖం పట్టింది. ఇంకో రెండు రోజులకి ఆక్సిజన్ తీసేశారు. డాక్టరుగారు దగ్గరుండి మింగించి చూసి, చెంచాతో చిక్కటివి మళ్ళీ మొదలుపెట్టమన్నారు. ముత్యాలరావు దిళ్ళకి ఆనుకుని కూర్చుని, తెల్లారి పడిన ఎండని కిటికీలోంచి చూస్తున్నాడు. వెంకటసుబ్బులు మంచానికి దూరంగా గోడ దగ్గర నిలబడి ఉంది. ఏదైనా ముట్టుకుంటే పాడైపోతుందేమోనని చేతులు కొంగులో దాచుకుంది.

“అమ్మా, ఆ ఖాళీ మంచం మీద వెల్లకిలా పడుకో” అంది వెన్నెల.

“నాకేమైందే?”

“ఏం కాలేదు. మాకు ట్రైనింగ్‌లో మొదట ఇదే చేయించారు. పడుకో.”

వెంకటసుబ్బులు పడుకుంది. వెన్నెల చిన్న చెంచాతో మామూలు నీళ్ళు ఆవిడ నోట్లో పోసింది. మింగబోతే నీళ్ళు ముందే గొంతులోకి జారిపోయాయి. ఉక్కిరిబిక్కిరై, దగ్గుతూ, చేతులు కొట్టుకుంటూ లేచి కూర్చుంది. కళ్ళూ ముక్కూ ఏకమయ్యాయి.

“చంపేశావే! ఊపిరాడలేదు!”

“ఒక్క చెంచాడేనమ్మా. నీకు అన్నీ బాగుండి, చేతులు కాళ్ళు ఆడుతుండి. లేచి కూర్చున్నావు, గట్టిగా దగ్గావు. నాన్న లేవలేడు. గట్టిగా దగ్గలేడు.”

వెంకటసుబ్బులు దగ్గు ఆగింది. తను అరచేత్తో ఎత్తిపట్టిన తల, ఎర్రబడిన ఆ కళ్ళు, తను మాడు మీద తట్టి ‘ఏమైంది, ఏమీ కాలేదు’ అన్న మాట, అన్నీ వరసగా కళ్ళముందుకొచ్చాయి. ఆ గుక్కలు లోపల ఆయన్ని ఇలాగే ఉక్కిరిబిక్కిరి చేసి ఉంటాయి, బయటికి చెప్పుకోలేకపోయాడు. మెల్లగా లేచి మొగుడి మంచం దగ్గరికి వెళ్ళింది. వంగి అడిగింది.

“మావా. ఆ రోజు అంత దాహం వేసిందా నీకు?”

ముత్యాలరావు తల అడ్డంగా ఊపాడు. ఆవిడ గ్లాసు పట్టిన రోజు ఊపినట్టే, రెండుసార్లు.

“మరెందుకు తాగావు?”

ఆయన ఎడమ చెయ్యి పైకి లేచింది. మెల్లగా వచ్చి ఆవిడ కంటి కింద ఆగింది. “నువ్వు… ఏడుస్తుంటే” అన్నాడు.

వెంకటసుబ్బులు ఆ చేతిని అలాగే చెంపకి అదుముకుంది. సముద్రం మధ్యలో మూతెడు నీళ్ళతో రోజులు గడిపిన మనిషి ఇంటి మంచం మీద దాహానికి ఓర్చుకోలేడని ఎలా అనుకుంది తను? కన్నకొడుకు ఏడ్చినా కరగని సరంగు, పెళ్ళాం ఏడిస్తే కరిగిపోయాడు. ప్రమాదమని తెలిసే నోరు తెరిచాడు. “ఆ దాహం నీది కాదా మావా? నాదా?” అంది. ఆ తర్వాత ఆవిడ ఏడ్చిన ఏడుపుకి పక్క మంచాలవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు.

సాయంత్రం ఆవిడే వెళ్ళి చేతులు సబ్బుతో కడుక్కొచ్చింది, గోళ్ళ సందులతో సహా. కూతురు అడక్కుండానే దిళ్ళు సర్దింది. గడ్డం వంచమని మొగుడికి చెప్పింది. సగం చెంచాడు చిక్కటి నీళ్ళు ఎడమ పక్కనుంచి పెట్టి, గొంతుముడి మీదే చూపు నిలిపింది. అది లేచి దిగిందాకా ఊపిరి బిగబట్టింది. అప్పుడే రెండో చెంచా అందించింది. తలుపు దగ్గర నిలబడి లిడియా, వెన్నెల చూస్తున్నారు.

“కింది వాటా ఇంకెందుకే?” అంది లిడియా మెల్లగా.

వెన్నెల ముక్కు ఎగబీల్చింది. “అమ్మా, డిశ్చార్జి చేశాక ఇంటికే తీసుకెళ్ళు. నీ దగ్గరే ఉంటాడు.”

వెంకటసుబ్బులు తిరిగి చూడలేదు. గొంతుముడి ఇంకా దిగలేదు మరి.

రేపల్లె వచ్చిన మర్నాడు పొద్దున్నే పున్నమ్మ కొబ్బరిబోండాం కొట్టించుకుని వచ్చింది. “పాపం, నీరసించిపోయాడు. ఒక్క గుక్క పట్టు వదినా, ఒంటికి చలవ…”

“గుక్కా లేదు గిక్కా లేదు, అక్కడే ఆగు!” వెంకటసుబ్బులు చెంచా కత్తిలా పట్టుకుని లేచింది. “గొంతులో రెండు దార్లుంటాయి, తెలుసా నీకు? తెలీదు. తెలియనప్పుడు నోరు మూసుకోవాలి. నాకూ తెలీలేదు, నా మొగుడి ప్రాణం మీదకి తెచ్చాను. ఆ బోండాం నువ్వే తాగు. తాగి, కాస్త కూర్చో. నేను ఈయన పక్క మార్చేటప్పుడు ఆ చివర పట్టుకుందువు గాని. ముందు చేతులు కడుక్కురా!”

పున్నమ్మ నోరెళ్ళబెట్టి, తర్వాత నిజంగానే పెరట్లోకి వెళ్ళింది. బాబి గడప మీద పడి పడి నవ్వాడు.

వెంకటసుబ్బులు మొగుడికి తువ్వాలు కట్టి, చెంచా ముంచి, ఎడమ పక్కనుంచి అందించింది. ముత్యాలరావు నోరు తెరవలేదు.

“ఏంటి మావా, ఒంట్లో బాలేదా?”

ఆయన ఎడమ చేత్తో ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. బలం లేదు గాని పట్టు ఉంది. చెంచాని మెల్లగా ఆవిడ నోటివైపు తిప్పాడు.

“ముందు… నువ్వు.”

వెంకటసుబ్బులుకి అప్పుడు గుర్తొచ్చింది, తెల్లారినప్పటినుంచీ తను పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదని. ఆయన్ని మొదటిసారి ఇంటికి తీసుకొచ్చినప్పటినుంచీ ఏ రోజూ వేళకి ముట్టలేదు. మంచం మీద పడుకుని, మాట లేక, ఆయన ఇన్నాళ్ళూ అది చూస్తూనే ఉన్నాడు.

“నాదేముందిలే, నేను తర్వాత…”

“సరంగు…” ఆయన ఆగి, ఊపిరి కూడగట్టుకున్నాడు. “ఆఖర్న.”

గడప మీద బాబి నవ్వు ఆగిపోయింది. వెంకటసుబ్బులు ఆ జిగురు నీళ్ళు చెంచాడు తన నోట్లో పోసుకుంది. థూ అనలేదు, గమ్ము అని తిట్టలేదు. మొగుడు చూస్తుండగా మింగింది. అప్పుడు ఇంకో చెంచా తీసుకుని కడిగి, సగం నింపి అందించింది.

ముత్యాలరావు ఎవరూ చెప్పకుండానే గడ్డం ఛాతీకి వంచి నోరు తెరిచాడు. ఆవిడ కళ్ళల్లోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఆయన చూశాడు గాని ఈసారి తొందరపడలేదు. నిదానంగా మింగి, రెండో చెంచా కోసం ఆగాడు.